ముందు చిట్టా, తర్వాత తోట

విశాఖపట్నంలో మొక్కలు నాటడానికి మనుషులు దొరకరని ఎవరూ అనలేరు. వనమహోత్సవం వస్తే బడిపిల్లల దగ్గర్నుంచి కాలనీ సంఘాల పెద్దల వరకు గునపాలు, బకెట్లు పట్టుకుని కదులుతారు. కొండవాలు బోడిగా కనిపిస్తే విత్తన బంతులు విసిరేవారున్నారు. ఏదో ఒక మూల కొత్త పార్కుకు ప్రారంభోత్సవం జరుగుతూనే ఉంటుంది. ఇంత ఉత్సాహానికి సరితూగేలా ఈ ఊళ్ళో కనిపించనిది ఒకటుంది: నాటిన మొక్క ఏ జాతిది, దాని విత్తనం ఏ కొండ మీది ఏ చెట్టు కిందిది, ఎవరు ఎప్పుడు తెచ్చారు, ఎన్నేళ్ళకు పూసింది, చచ్చిపోతే ఎందుకు చచ్చిపోయింది అని వరుసగా రాసిపెట్టే చిట్టా. ఆ చిట్టాను తరతరాలు నడిపించే సంస్థనే నేను బొటానికల్ గార్డెన్ అంటాను. పచ్చిక బయళ్ళు, పూలమళ్ళు, పిల్లల రైలు దానికి ఉంటే ఉండవచ్చు, లేకపోయినా నష్టం లేదు. విశాఖకు అటువంటి వృక్షోద్యానం ఒకటి కావాలన్నది నా వాదన. అది ఎందుకు కావాలో చెప్పడానికి హుద్‌హుద్ తుఫాను కన్నా పెద్ద సాక్ష్యం నాకు దొరకదు.

2014 అక్టోబరు 12న గంటకు 180 కిలోమీటర్ల స్థాయి గాలులతో ఆ తుఫాను నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. మరునాడు వీధిలోకి వచ్చి చూసినవారెవరూ ఆ దృశ్యాన్ని మరచిపోయి ఉండరు. మా వైపు తురాయి చెట్లు వేళ్ళతో సహా లేచి గోడల మీద పడ్డాయి, నిద్రగన్నేర్లు కొమ్మలు తెగి మోడుల్లా నిలిచాయి, సముద్రం వైపు కొండలు ఆకు లేక గోధుమరంగుకు తిరిగాయి. ఒక వృక్షశాస్త్రవేత్త దృష్టితో చూస్తే, వందేళ్ళకోసారి దొరికే పరిశీలన అది. ఏ జాతి వేళ్ళతో లేచింది, ఏది నడుముకు విరిగింది, ఏది ఆకులన్నీ రాల్చుకుని నిలబడి నెల తిరగకుండా చిగురించింది, సిమెంటు మధ్య ఉన్న వేపకూ ఖాళీ నేలలో ఉన్న వేపకూ తేడా ఏమిటి అన్న ప్రశ్నలన్నిటికీ సమాధానాలు ఆ వారం రోజులూ వీధుల్లోనే పడి ఉన్నాయి. తర్వాత రంపాలు వచ్చాయి, లారీలు వచ్చాయి, సమాధానాలను ఎత్తుకుని పోయాయి. దారులు తెరవడం అప్పటి అవసరం కాబట్టి దాన్ని తప్పు పట్టను. అయితే తుఫానుకు ముందే చెట్టు చెట్టుకూ లెక్క ఉన్న చోటు ఊళ్ళో ఒక్కటైనా ఉంటే, తర్వాత ఏం నాటాలో చెప్పగల జ్ఞానం అక్కడ మిగిలేది.

ఆ జ్ఞానం లేనప్పుడు ఏం నాటాలో నర్సరీ నిర్ణయిస్తుంది. నర్సరీవారు త్వరగా మొలిచేదీ, పశువులు ముట్టనిదీ, రెండేళ్ళలో నిటారుగా ఎదిగి ఫొటోలో బాగా కనిపించేదీ పెంచుతారు. ఏడాకుల పాల మన రోడ్ల పక్కన అంతగా పెరిగిపోవడానికి కారణం ఇదే అనుకుంటాను. అక్టోబరు దాటాక సాయంత్రమైతే ఆ పూల ఘాటు కొన్ని కాలనీల్లో తలుపులు మూయిస్తుంది. తుమ్ములు, ఆయాసం అంటూ జనం ఫిర్యాదులు చేయడం, కొట్టేయాలా ఉంచాలా అని చర్చ నడవడం పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఏడాకుల పాల పరదేశి కాదు, మన దేశపు అడవి చెట్టే. దేశవాళీ మొక్కలు నాటితే చాలు అనే నినాదం కూడా సరిపోదన్నమాట. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటిగా ఉండే చెట్టును వీధి పొడవునా వరసగా నిలబెట్టినప్పుడు ఏమవుతుందో ముందుగా ఎక్కడో ఒకచోట పెంచి, పదేళ్ళు చూసి, రాసుకుని ఉండాలి.

ఇటువంటి అనుభవాన్ని లండన్‌లోని క్యూ ఉద్యానం ఎలా వాడుకున్నదో చెబుతాను. 1987 అక్టోబరు 16 తెల్లవారుజామున దక్షిణ ఇంగ్లండును పెనుగాలి ఊపేసింది. క్యూలో సుమారు 700 చెట్లు పోయాయి. అక్కడ టర్నర్స్ ఓక్ అనే పాత చెట్టు ఒకటి ఉంది, 1798లో నాటినది. గాలి దాన్ని వేళ్ళ ముద్దతో సహా పైకి లేపి మళ్ళీ అదే గుంటలో దించింది. అప్పటికే నీరసించి ఉన్న చెట్టు కాబట్టి దానికి ఆసరాలు పెట్టి, కొట్టేయడం తర్వాత చూద్దామని తోటవారు వదిలేశారు. మూడేళ్ళ తర్వాత వచ్చి చూస్తే అది మునుపటికన్నా ఏపుగా ఉంది. కారణం వెదికితే తేలింది ఇది: ఏళ్ళ తరబడి సందర్శకుల అడుగుల కింద నేల గట్టిపడి వేళ్ళకు గాలి, నీరు అందలేదు, తుఫాను ఆ నేలను గుల్ల చేసింది. అప్పటినుంచి పాత చెట్ల మొదళ్ళ చుట్టూ నేలలోకి యంత్రంతో గాలిని చొప్పించి వదులు చేసే పద్ధతి మొదలైంది. ఆ చెట్టు వయసు, తుఫానుకు ముందు దాని ఆరోగ్యం, తర్వాతి ఎదుగుదల కాగితం మీద ఉండబట్టే ఆ పాఠం దొరికింది. మన బీచ్ రోడ్డులో, సిరిపురంలో చెట్టు మొదలు వరకు పేవర్ బ్లాకులు పరిచి, మిగిలిన అరచేతి మందం మట్టిలోకి టీకొట్టు గ్లాసులు కడిగిన నీళ్ళు పోయడం చూసినప్పుడల్లా నాకు ఆ ఓక్ గుర్తుకొస్తుంది.

సరే, ఆ చిట్టాలో ఏముంటుంది? ఒక గింజ వృక్షోద్యానంలోకి ఎలా ప్రవేశిస్తుందో చూస్తే తెలుస్తుంది. సేకరించినవాడు అడవిలోనే నోటుపుస్తకంలో తేదీ, ఊరు, గెడ్డకు ఏ ఒడ్డు, సముద్రమట్టానికి ఎంత ఎత్తు, నేల రంగు, పక్కన ఉన్న చెట్లు, ఎన్ని చెట్ల కింద ఏరాడు అన్నవి రాస్తాడు. అదే చెట్టు కొమ్మ ఒకటి, పువ్వో కాయో ఉన్నది, పాత వార్తాపత్రికల మధ్య అదిమి ఆరబెట్టి, దళసరి అట్టకు అతికించి, కింది మూల చీటీ అంటించి, ఇటువంటి ఎండు నమూనాలు దాచే హెర్బేరియంలో పెడతారు. గింజ తోటకు చేరగానే దానికి ఒక నంబరు పడుతుంది. మొలిచినా, కుండీ మారినా, మడిలోకి వెళ్ళినా, దాని కొమ్మను అంటు కట్టినా ఆ నంబరు వెంట నడుస్తుంది. అడవి నుంచి నేరుగా వచ్చిందా, ఇంకో తోట నుంచి వచ్చిందా, పుట్టుక తెలియనిదా అన్న వివరం కూడా అందులో ఉంటుంది. పుట్టుక తెలియని మొక్క అందంగా ఉండవచ్చు, నీడ ఇవ్వవచ్చు, కానీ రేపు ఒక కొండమీద ఒక జాతి అంతరిస్తే తిరిగి నాటడానికి పనికిరాదు, ఎందుకంటే అది ఆ కొండదో కాదో ఎవరూ చెప్పలేరు. మన పార్కుల్లో చెట్లకు మేకుతో కొట్టిన రేకుల మీద శాస్త్రీయ నామం కనిపించినప్పుడు సంతోషిస్తాను. అయితే ఆ నామంలో అక్షరదోషాలుంటాయి, నంబరు ఉండదు, మేకు మాత్రం బలంగా ఉంటుంది.

ఎండిన కొమ్మలు దాచుకోవడం వ్యర్థమని ఎవరైనా అనుకుంటే, వందేళ్ళనాటి అట్టల మీద పూత తేదీలు చూసి, ఇప్పుడు అదే జాతి ఎన్ని రోజుల ముందు పూస్తున్నదో లెక్కగట్టి వాతావరణ మార్పును కొలుస్తున్న శాస్త్రజ్ఞులున్నారని గుర్తుచేస్తాను. ఈ పనికి మన తీరంతో పాత సంబంధం ఉంది. 1781లో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న సోదరుడితో పాటు విశాఖపట్నం వచ్చిన వైద్యుడు ప్యాట్రిక్ రసెల్ ఇక్కడి పాములను, చేపలను, మొక్కలను పరిశీలించాడు. విశాఖ చేపల మీద ఆయన పుస్తకం 1803లో వెలువడింది. సామర్లకోటలో తోట వేసి పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా ఉద్యానానికి అధిపతిగా వెళ్ళాడు. 1795లో మొదలై మూడు సంపుటాలుగా 300 చిత్రపటాలతో వచ్చిన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం ఆయనది, దానికి ముందుమాట రసెల్‌ది. తునికి, తపసి, నారేప వంటి చెట్లకు శాస్త్రీయ నామం పెట్టింది రాక్స్‌బర్గే. మొక్కల దగ్గర ఆయన తెలుగు పేర్లను కూడా రాసుకున్నాడు. ఆయన గీయించిన రెండున్నర వేలకు పైగా బొమ్మలు, స్థానిక చిత్రకారులు వేసినవి, ఒక ప్రతి హౌరాలోని ఆ కలకత్తా ఉద్యానంలో, ఒక ప్రతి క్యూలో ఉన్నాయి. ఉత్తర సర్కారుల చెట్టు అసలు రూపం ఏమిటన్న తగువు వస్తే తీర్పు కోసం మనం చూడవలసినవి ఆ రెండు చోట్లే.

ఈ చరిత్రను నెత్తిన పెట్టుకోమని అనడం లేదు. కంపెనీవారికి మొక్కల మీద ప్రేమ లాభం మీద ప్రేమకు తోబుట్టువు. సామర్లకోట తోటలో మిరియం, నీలిమందు పెంచి చూశారు. 1787లో రాబర్ట్ కిడ్ కలకత్తా తోటను నెలకొల్పినప్పుడు కంపెనీ వర్తకం ఆయన మనసులో ఉంది. మలేరియా మందు క్వినైన్ ఇచ్చే సింకోనా దక్షిణ అమెరికా నుంచి నీలగిరికి చేరింది ఈ తోటల మీదుగానే. కాఫీ కథ ఇంకా విచిత్రం. 1706లో ఆమ్‌స్టర్‌డామ్ తోటకు చేరిన మొక్క సంతానం 1714లో పారిస్ రాజుగారి తోటకు వెళ్ళింది, అక్కడినుంచి కరీబియన్ దీవులకు, ఆపైన అమెరికా ఖండమంతటికీ పాకింది. కొద్ది మొక్కల సంతతి అంత నేలను ఆక్రమిస్తే తెగుళ్ళ ముందు ఎంత బలహీనమో కాఫీ రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1869 తర్వాత ఆకు తుప్పు తెగులు సిలోన్‌లో కాఫీ తోటలనే తుడిచిపెట్టింది. అరకు, చింతపల్లి కొండల మీద ఇవాళ గిరిజన రైతులు పండిస్తున్నదీ అదే కాఫీ జాతి, అరబికానే. దోపిడీకి ఉపయోగపడిన సంస్థే, లెక్కలు సరిగా ఉంచుకోవడం వల్ల, కాపాడే సంస్థగా మారగలిగింది. మనం తీసుకోవలసింది ఆ లెక్కల అలవాటును.

కాపాడటంలో ఇప్పుడు అందరూ మెచ్చుకునేది విత్తనాల బ్యాంకు. ఇంగ్లండులో వేక్‌హర్స్ట్ వద్ద 2000లో తెరిచిన మిలీనియం సీడ్ బ్యాంకులో 40,000 జాతుల వరకు, 240 కోట్లకు పైగా విత్తనాలు ఉన్నాయి. గింజను బాగా ఆరబెట్టి మైనస్ 20 డిగ్రీల చలిలో ఉంచితే చాలా జాతులు దశాబ్దాలపాటు, కొన్ని శతాబ్దాలపాటు మొలకశక్తిని నిలుపుకుంటాయి. అయితే ఈ కిటుకు అన్నిటికీ పనిచేయదు. పనసపిక్కను ఎండబెట్టి డబ్బాలో దాచి మరుసటి ఏడు నాటితే ఏమవుతుందో పెరడున్న ప్రతి ఇల్లాలికీ తెలుసు. తడి పోతే ప్రాణం పోయే గింజలవి. మన ఉత్తరాంధ్ర కొండల్లోని గుగ్గిలం చెట్టు గింజలూ ఆ కోవలోవే. తొలకరికి రాలి, వారం పది రోజుల్లో తడి నేల దొరకకపోతే చచ్చిపోతాయి. ఉష్ణమండలపు తడి అడవుల్లో ఇటువంటి జాతులు మరీ ఎక్కువ. వాటిని దాచుకోవాలంటే చెట్టుగా, నేలలో, మనుషుల కాపలాలో పెంచుకోవడమే ప్రధానమైన దారి. అంటే చల్లని గది ఎంత పెద్దదైనా తోట అవసరం తీరదు, ఆ తోట వేడి దేశంలోనే ఉండాలి. 2017లో నేచర్ ప్లాంట్స్ పత్రికలో వచ్చిన ఒక లెక్క ప్రకారం ప్రపంచ వృక్షోద్యానాలన్నీ కలిపి తెలిసిన మొక్కజాతుల్లో సుమారు 30 శాతాన్ని పెంచుతున్నాయి. కానీ సమశీతోష్ణ దేశాల జాతుల్లో 60 శాతానికి అక్కడ చోటుంటే, ఉష్ణమండల జాతుల్లో 25 శాతానికే ఉంది. మొక్కలు ఎక్కువ ఉన్న చోట తోటలు తక్కువ, తోటలు ఎక్కువ ఉన్న చోట మొక్కలు తక్కువ.

చోటు దొరికినా ఒక్క మొక్క పెట్టుకుని జాతిని కాపాడామనుకుంటే కుదరదు. దక్షిణాఫ్రికాలో 1895లో డర్బన్ వృక్షోద్యానం అధిపతి జాన్ మెడ్లీ వుడ్ ఒక సైకాడ్‌ను, అంటే ఈతచెట్టులా కనిపించే, పువ్వు పూయని ప్రాచీన కోవ మొక్కను, కనుగొన్నాడు. అది మగ మొక్క. ఆడ మొక్క కోసం ఎంత వెదికినా ఇప్పటికీ దొరకలేదు. దాని పిలకలు ప్రపంచంలోని పెద్ద తోటల్లో పెరుగుతున్నాయి, 1899 నుంచి క్యూలోనూ ఒకటి ఉంది. అవన్నీ ఆ ఒక్క మగ మొక్క నకళ్ళే కాబట్టి విత్తనమన్నది లేదు. శేషాచలం కొండల్లో తప్ప మరెక్కడా పుట్టని పేరిత కూడా సైకాడే, దానికీ ఆడ మగ మొక్కలు వేరు వేరు. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి జాబితాలో దాన్ని చేర్చారు. ఆ మొక్కను ఒక తోటలో పెంచదలచినవారు ఎన్ని ఆడవి, ఎన్ని మగవి, ఏ వాలు మీదివి అని తెలియకుండా కుండీలు నింపితే వుడ్ సైకాడ్ గతే పట్టవచ్చు. తోట కూడా ఒక్కటే ఉంటే చాలదు. 2020 మేలో ఆంఫన్ తుఫాను హౌరా ఉద్యానంలో ఎన్ని పాత చెట్లను కూల్చిందో చూశాక, తూర్పు తీరంలో ఒకే తోటను నమ్ముకోవడం మంచిది కాదని తెలుస్తూనే ఉంది.

మన దగ్గరి చెట్టును ఒకదాన్ని తీసుకుని ఈ పని ఎలా ఉంటుందో చెబుతాను. తపసి చెట్టు ఎండు కొండల రాళ్ళ మధ్య పెరుగుతుంది. దాని బెరడు తెల్లగా, పలచని పొరలుగా లేస్తుంది. చలికాలంలో ఆకులు రాల్చి పూస్తుంది. ఎర్రని కాయ అయిదు భాగాలుగా విచ్చుకుంటుంది, దాని మీది నూగు చేతికి గుచ్చుకుంటే గంటసేపు మంట. ఆ చెట్టు కార్చే జిగురును గిరిజనులు ఏరి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు, అక్కడినుంచి అది ఆహార పరిశ్రమకు, మందులకు పోతుంది. 1956లో ఏర్పడిన ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే ఉంది. జిగురు ఎక్కువ రావాలని గొడ్డలితో చెక్క తగిలేదాకా నరికితే గాయం మానదు, చెట్టు క్రమంగా ఎండిపోతుంది. బెరడు వరకే గీసి, గాయానికి విరామమిస్తే ఏళ్ళ తరబడి జిగురిస్తుంది. ఏ కొండ తపసి ఎక్కువ జిగురిస్తుంది, ఏ లోతు గాయం ఎన్నాళ్ళకు మానుతుంది, గింజ నుంచి నాటిన చెట్టు ఎన్నేళ్ళకు గాటుకు తట్టుకుంటుంది అని తేల్చడానికి వేర్వేరు కొండల తపసి మొక్కలను పక్కపక్కన పెంచి, ఇరవై ఏళ్ళు కొలవాలి. మూడేళ్ళ ప్రాజెక్టుతో తేలే పని కాదు. ఇరవై ఏళ్ళపాటు ఒకే మడిని కనిపెట్టుకుని ఉండడం అనేది వృక్షోద్యానానికి తప్ప వేరే ఏ సంస్థకూ స్వభావంలో లేదు.

ఇంత అడవి పక్కనుండగా తోట ఎందుకు, ఆ డబ్బు అడవికే పెట్టరాదా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. అడవికి తోట ప్రత్యామ్నాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను, అలా చూపించి అడవిని తవ్వకాలకు వదిలే ప్రమాదాన్ని కూడా కాదనను. మన్యంలో బాక్సైట్ తవ్వకాల ప్రతిపాదనలు నడిచిన రోజుల్లో, పోయిన చెట్లకు బదులు వేరేచోట నాటుతామన్న మాట ఎంత తేలికగా వినిపించేదో మనకు తెలియనిది కాదు. నిజానికి చిట్టా ఉన్న తోట ఆ మాటను నిలదీయడానికి పనికొస్తుంది. ఏ జాతి ఎక్కడ తప్ప మరెక్కడా లేదో చెప్పగలిగినవారే, ఈ కొండను ముట్టవద్దని ఆధారంతో వాదించగలరు.

ఉన్నవాటిని బాగుచేస్తే చాలదా అన్నది రెండో ప్రశ్న. ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగానికి హెర్బేరియం ఉంది. పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలోని జీవవైవిధ్య పార్కును మొక్కల ప్రేమికులు ఓపికగా పెంచారు. అరకులో పద్మాపురం తోట ఉంది. వీటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, కొత్తగా ప్రహరీ గోడ కట్టడం కన్నా వీటిని ఒకే రిజిస్టరు కిందికి తేవడమే తెలివైన మొదటి మెట్టు. సముద్రమట్టం నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు లోయ దాకా, ఒక పూట ప్రయాణంలో, ఇన్ని రకాల వాతావరణాలు దొరికే నగరాలు తూర్పు తీరంలో అరుదు. కింద ఒక తోట, పైన ఒక తోట, మధ్య ఒకే చిట్టా ఉంటే గుగ్గిలాన్నీ, ఇసుకదిబ్బల మీది బాలబంద తీగనూ ఒకే సంస్థ కాపాడగలదు. ఆ బాలబంద తీగ, రావణాసురుని మీసాలు గడ్డి, తీరంలో ఇసుకను పట్టి ఉంచే మొక్కలు. బీచ్ అందం పేరుతో వాటిని పీకి పచ్చిక పరిచేవారికి అవి ఏమిటో చెప్పే మనిషి ఊళ్ళో జీతం మీద ఉండాలి.

స్థలం విషయంలో నా అభిప్రాయం ఒకటే: కంబాలకొండ వంటి రక్షిత అడవిలో ఒక్క సెంటు కూడా ముట్టకూడదు, ఇప్పటికే పాడైన నేల, పాత తోటల నేల తీసుకోవాలి. డబ్బు విషయంలో, ముఖద్వారానికీ ఫౌంటెన్‌కూ పెట్టేది మొదటి పదేళ్ళు జీతాలకు పెట్టాలి: రిజిస్టరు రాసేవారు ఒకరు, హెర్బేరియం చూసేవారు ఒకరు, మొలక కట్టడంలో చేయి తిరిగిన మాలీలు నలుగురు, మన్యం చెట్లను పేరుపెట్టి పిలవగల గిరిజన సేకర్తలు ఇద్దరు. వీరి ఉద్యోగాలు ఏడాది కాంట్రాక్టుల మీద కాకుండా శాశ్వతంగా ఉండాలి, ఎందుకంటే గుగ్గిలం గింజ రాలే ఆ పది రోజుల్లో కాంట్రాక్టు రెన్యువల్ ఫైలు ఏదో బల్ల మీద ఆగి ఉంటే, తర్వాతి గింజ కోసం మళ్ళీ తొలకరి దాకా ఆగాలి.